ఎదురు పురి: రెండు కైరల్ మందులు కలిపితే గీతలు మాయమైన కేసు

ముందే చెప్పేస్తాను, ఈ కేసులో తప్పు నాది. పిల్లలది కాదు, సీసాది కాదు, తూకానిదీ కాదు. సీసా మీద ఉన్న ఒక్క అక్షరానికి లేని అర్థం అంటగట్టి, మూడు వారాల పాటు ఇద్దరు పిల్లల్ని ఊరికే ల్యాబ్‌కి రప్పించాను. రాసిపెడితే ఇంకెవరికైనా ఆ మూడు వారాలు మిగులుతాయి కదా అని రాస్తున్నాను.

నేను బరంపురంలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వస్తే తగిలే పెద్ద ఊరు మాది. క్లాసులో ఇంగ్లిషు, ఒడియా, స్టాఫ్ రూములో అన్నీ కలగాపులగం, ఇంటికెళ్తే తెలుగు. ప్లస్ త్రీ, అంటే ఇక్కడి డిగ్రీ, ఫైనలియర్ పిల్లలు ఇద్దరు ద్రవస్ఫటికాల (లిక్విడ్ క్రిస్టల్స్) మీద ప్రాజెక్టు చేస్తామని వచ్చారు. ఒకమ్మాయిది పట్టు నేసే దేవాంగుల ఇల్లు. కుర్రాడు రోజూ ఇచ్ఛాపురం నుంచి రైల్లో వస్తాడు. ఫిబ్రవరి 28 సైన్స్ డే నాటికి, రంగు ఏమీ కలపకుండా తనంతట తానే రంగు చూపించే ద్రవం తయారు చెయ్యాలని వాళ్ల పట్టుదల. పెద్ద లక్ష్యమే, అయినా సరే అన్నాను, ఎందుకంటే బెంగళూరులో పరిశోధన చేసే పాత మిత్రుడు ఒకడు తన దగ్గర మిగిలిన సరుకు చిన్న చిన్న సీసాల్లో నాకిచ్చాడు, అవి ఏడాదిగా బీరువాలో ఊరికే కూర్చున్నాయి.

సరుకేంటంటే, 5సీబీ అనే నెమాటిక్ ద్రవం ఓ పది గ్రాములు, ఎస్-811 అనే కైరల్ మందు సుమారు 130 మిల్లీగ్రాములు, సీబీ15 అనే ఇంకో కైరల్ మందు గ్రాము పైనే. (మందు అంటే యాడిటివ్. ల్యాబ్‌లో అలాగే అనేస్తాం, బయట వరండాలో వినేవాళ్లు ఇంకోలా అనుకుంటే మేమేం చెయ్యలేం.)

నెమాటిక్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి ఒక మాట. వరద వచ్చినప్పుడు ఏట్లో వెదురు బొంగులు కొట్టుకుపోతుంటాయి చూడండి, ఏది ఎక్కడుందో లెక్క ఉండదు గానీ దాదాపు అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. 5సీబీ అణువులూ అంతే, పొడుగ్గా ఉండి, ద్రవంలా జారిపోతూనే ఒకే దిక్కు చూస్తుంటాయి. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం 1970ల మొదట్లో తయారుచేసిన ఈ పదార్థాల కుటుంబమే మన వాచీలకీ క్యాలిక్యులేటర్లకీ అద్దం ముక్క మీద అంకెలు తెచ్చిపెట్టింది.

ఇక ఇందులో కైరల్ మందు వేస్తే ఏమవుతుంది? కైరల్ అంటే చెప్పుల జతలాంటి వ్యవహారం, కుడి చెప్పు అద్దంలో ఎడమ చెప్పులా కనబడుతుంది గానీ కుడి కాలి చెప్పు ఎడమ కాలికి పట్టదు. అలాంటి అణువు ఒకటి తిన్నని అణువుల మధ్యకి వచ్చి కూర్చుంటే, పక్కవాడు తనకి సరిగ్గా సమాంతరంగా ఉండటానికి ఒప్పుకోదు, ఒక రవ్వ పక్కకి ఒరగమంటుంది. ఆ ఒరిగినవాడు వాడి పక్కవాణ్ని ఒరగమంటాడు. ప్రతిసారీ ఒకే వైపు. అలా ఒరుగుతూ ఒరుగుతూ పోతే మొత్తం ద్రవమే తాడులా పురి తిరుగుతుంది. దిక్కు ఒక పూర్తి చుట్టు చుట్టి మళ్లీ మొదటికి రావడానికి పట్టే దూరాన్ని పిచ్ అంటారు. ఆ రవ్వ ఎంత చిన్నదో ఊహించాలంటే, పిచ్ 9 మైక్రాన్లు అనుకుని, అణువుకీ అణువుకీ మధ్య అర నానోమీటరు పెట్టి లెక్కవేస్తే ఒక్కో అడుగుకి డిగ్రీలో యాభయ్యో వంతు. అంత చిన్న ఒరుగు. ఒకే వైపు కాబట్టి పోగవుతుంది, లేకపోతే ఎప్పుడో కొట్టుకుపోయేది.

పురి అన్న మాట నేను తెచ్చింది కాదు. మొదటి రోజు నేను హెలిక్స్, ట్విస్ట్ అంటూ బోర్డు మీద ఏదో గీస్తుంటే అమ్మాయి, "అంటే పురి ఎక్కడమే కదా సార్" అంది. అంతే, అప్పట్నుంచి మా నోట్‌బుక్కులో ఎడమ పురి, కుడి పురి, పురి బలం. పురి బలం అంటే పుస్తకాల్లో హెలికల్ ట్విస్టింగ్ పవర్. మందు కొద్దిగా వేసినంత కాలం లెక్క చాలా సులువు: మందు వాటాని పురి బలంతో గుణించి, ఒకటిని దాంతో భాగిస్తే పిచ్ మైక్రాన్లలో వస్తుంది. ఎస్-811 పురి బలం సుమారు 11, సీబీ15ది సుమారు 7. ద్రవాన్ని బట్టి, వేడిని బట్టి అటూ ఇటూ అవుతుంది.

కొలిచే పద్ధతి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీనికి ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. డిగ్రీ ఫిజిక్స్ చదివిన ప్రతివాడూ వెంట్రుక మందం కొలిచే వెడ్జ్ ప్రయోగం చేసే ఉంటాడు, రెండు గాజు పలకలు ఒక చివర తాకించి, రెండో చివర వెంట్రుక పెట్టి, సోడియం ల్యాంపు కింద గీతలు లెక్కపెట్టడం. గ్రాన్‌జాన్-కానో పద్ధతి దాదాపు అదే. వెంట్రుక బదులు 50 మైక్రాన్ల మైలార్ రేకు పెట్టాం, పలక పొడవు 25 మిల్లీమీటర్లు, అంటే వాలు 0.002. గాజుకి లోపలివైపు పాలీవినైల్ ఆల్కహాల్ పల్చగా పూసి, ఓవెన్లో ఆరబెట్టి, వెల్వెట్ గుడ్డతో ఒకే దిక్కున రుద్దాలి. ఎటు రుద్దితే అణువులు అటు పడుకుంటాయి. ఖాళీ వెడ్జ్‌ని ముందు సోడియం ల్యాంపు కింద పెట్టి చూసుకుంటే గీతల వెడల్పు 0.147 మి.మీ. రావాలి, వస్తే వాలు సరిగా ఉన్నట్టు.

ఇప్పుడు పురి ఎక్కిన ద్రవాన్ని అందులో నింపితే ఏం జరుగుతుందంటే, పైనా కిందా గాజు దగ్గర దిక్కు కట్టేసి ఉంది కాబట్టి మధ్యలో అరచుట్ల లెక్కనే పురి పట్టగలదు, ఒక అరచుట్టు, రెండు, మూడు, అలా. మందం పెరిగేకొద్దీ ఇంకో అరచుట్టు పట్టేంత చోటు దొరికిన దగ్గర ఒక్కసారిగా మారుతుంది, మారిన చోట ఒక గీత పడుతుంది. గీతకీ గీతకీ మధ్య మందం తేడా సగం పిచ్. కాబట్టి గీతల మధ్య దూరాన్ని రెండింతలు చేసి వాలుతో గుణిస్తే పిచ్. ట్రావెలింగ్ మైక్రోస్కోపు చాలు, అది లేని ఫిజిక్స్ ల్యాబ్ ఉండదు.

మొదటి శాంపిల్, 5సీబీలో 1 శాతం ఎస్-811. సెప్టెంబరు మధ్యాహ్నం రెండింటికి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ల (కాంతిని వడగట్టే రేకుల, మధ్యలో దిక్కున్న ద్రవం ఉంటేనే వెలుగు దాటుతుంది) మధ్య పెట్టి చూస్తే అంతా నలుపు. గీత కాదు కదా, వెలుగు చుక్క కూడా లేదు. పిల్లల మొహాలు వాడిపోయాయి. కారణం తెలిశాక నవ్వొచ్చింది. 5సీబీ 35 డిగ్రీల దగ్గర మామూలు ద్రవం అయిపోతుంది, దిక్కూ దివాణం లేకుండా. మందు వేసేకొద్దీ ఆ 35 కూడా కిందికి దిగుతుంది. మాది పై అంతస్తు ల్యాబ్, నెత్తిమీద శ్లాబు, పక్కన మైక్రోస్కోపు దీపం వేడి, థర్మామీటరు 34 చూపిస్తోంది. ఐరోపా పుస్తకాల్లో గది ఉష్ణోగ్రత అని రాస్తే అది మన గది కాదని గుర్తుపెట్టుకోవాలి. మర్నాటి నుంచి కొలతలన్నీ పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపే. వాచ్‌మన్ గొణుక్కుంటూనే తాళం తీసేవాడు. ఇచ్ఛాపురం కుర్రాడు మాత్రం ఆ వేళకి రాలేక, తన వంతుగా లెక్కలూ తూకాలూ చూసుకునేవాడు.

తెల్లవారి పూట చూస్తే గీతలు ముచ్చటగా వచ్చాయి, సగటున 2.3 మి.మీ. దూరంలో. పిచ్ 9.2 మైక్రాన్లు. పురి బలం 10.9. మొదటి కొలతే పుస్తకంలో అంకెకి అంత దగ్గరగా వస్తే ఎవరికైనా కాస్త తల తిరుగుతుంది, నాకూ తిరిగింది. తర్వాత 3 శాతం శాంపిల్ ఒక గ్రాము చేశాం. గీతలు 0.76 మి.మీ.కి దగ్గరయ్యాయి, పిచ్ 3 మైక్రాన్ల చిల్లర. అంతా లెక్క ప్రకారమే.

రంగు కనబడాలంటే మాత్రం పిచ్ ఇంకా చాలా తగ్గాలి. పురి తిరిగిన ద్రవం, పిచ్‌ని వక్రీభవన గుణకంతో గుణిస్తే ఎంతొస్తుందో ఆ తరంగదైర్ఘ్యం కాంతిని వెనక్కి కొడుతుంది. గుణకం 1.6 దగ్గర అనుకుంటే, ఆకుపచ్చకి పిచ్ 0.35 మైక్రాన్లు కావాలి, అంటే ఎస్-811 ఒక్కటే వేస్తే 26 శాతం. గ్రాము ద్రవానికి 260 మిల్లీగ్రాములు. ఉన్నదంతా కలిపినా అందులో సగమే. అప్పుడు నేనే అన్నాను, మిగతా పురి సీబీ15తో ఎక్కిద్దాం, అది బోలెడుంది, పైగా ద్రవమే కాబట్టి ఇట్టే కలుస్తుంది అని. ఒక్కసారే అంతా పొయ్యకుండా, ముందు కొద్దిగా వేసి పురి ఎంత బిగుస్తుందో చూద్దామన్నాను. ఈ మొత్తం కథలో నేను చేసిన తెలివైన పని ఆ ఒక్కటే.

సీబీ15 రసాయన నామం సీసా మీద పూర్తిగా ఉంది, దాని ముందు బ్రాకెట్లో ఎస్ అని కూడా ఉంది. ఎస్-811లో ఎస్, ఇందులోనూ ఎస్. ఎస్-811 ఎడమ పురి అని మిత్రుడు చెప్పాడు. అమ్మాయి కూడా, "మా ఇంటికొచ్చే దారం ప్యాకెట్ల మీద కూడా ఎస్ అంటే ఎడమ పురే సార్, జెడ్ అంటే కుడి" అంది. దారం విషయంలో అది అక్షరాలా నిజం: దారాన్ని నిలువుగా పట్టుకుంటే పోగుల వాలు ఎస్ అక్షరం నడుములా ఉంటే ఎస్ పురి, జెడ్ నడుములా ఉంటే జెడ్ పురి. ఇంకేం, రెండు మందులూ ఎడమ పురివే, కలిపితే కూడుతాయి అని నేను తేల్చేశాను.

3 శాతం ఎస్-811 ఉన్న గ్రాము ద్రవంలో 31 మిల్లీగ్రాముల సీబీ15 వేశాం, అదీ 3 శాతం అయ్యేలా. లెక్క ప్రకారం గీతలు 0.47 మి.మీ.కి దగ్గరపడాలి. వచ్చింది 2.3 మి.మీ. మళ్లీ కొలిస్తే 2.35. దగ్గరపడటం మాట దేవుడెరుగు, రెండో మందు వేసి మేం చక్కా మొదటి 1 శాతం శాంపిల్ దగ్గరికి తిరిగొచ్చేశాం.

"ఏటి సార్ ఇలగొచ్చింది" అని అమ్మాయి. నాకూ తెలీదు.

ఇక్కణ్నుంచి మూడు వారాలు. మొదట కలవలేదేమో అనుకున్నాం. సీసాని 45 డిగ్రీల నీళ్లలో పెట్టి, బాగా కలిపి, మళ్లీ నింపాం. అదే దూరం. తర్వాత తూకం మీద అనుమానం. కుర్రాడు కెమిస్ట్రీ వాళ్ల తక్కెడ మీద తూకాలన్నీ మళ్లీ చూశాడు, తప్పు ఒకటి రెండు శాతం మించడం లేదు, ఇక్కడేమో తేడా అయిదింతలు. తక్కెడ వల్ల అయిదింతలు తప్పు రావాలంటే దాని మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కాలి. ఆ తర్వాత వెడ్జ్ క్లిప్పు వదులైందేమో అని సోడియం ల్యాంపు కింద మళ్లీ చూస్తే 0.148. ఆ సందేహమూ పోయింది.

అప్పుడు నేను, సీబీ15 పాతబడి చచ్చిపోయినట్టుంది, బలం తగ్గి ఉంటుంది, ఇంకొంచెం వెయ్యండి అన్నాను. ఇది రెండో తప్పు, మొదటిదానికంటే సిగ్గుపడాల్సిన తప్పు. నిజంగా మందు చచ్చిపోయి ఉంటే గీతలు ఉన్నచోటే ఉండాలి కదా, 0.76 దగ్గరో 0.79 దగ్గరో. చచ్చిన మందు ఉన్న పురిని విప్పదు. ఆ ముక్క తట్టి ఉంటే ఆ రోజే తేలిపోయేది. తట్టలేదు. ఇంకో 16 మిల్లీగ్రాములు వేసి సీబీ15ని 4.5 శాతానికి తెచ్చాం.

గీతలు మాయం. వెడ్జ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గీత లేదు. పోలరాయిడ్ తిప్పితే అంతా ఒకేసారి వెలుగుతోంది, ఒకేసారి ఆరుతోంది, మందే వెయ్యని ఉత్త 5సీబీలాగా.

పోనీ సీబీ15 ఒక్కదాన్నే పరీక్షిద్దాం అని 5సీబీలో 3 శాతం వేసి చూస్తే గీతలు 1.2 మి.మీ. దూరంలో నిక్షేపంగా ఉన్నాయి. పిచ్ 4.8 మైక్రాన్లు, పురి బలం 6.9. అంటే మందు బతికే ఉంది! విడివిడిగా ఇద్దరూ బుద్ధిమంతులే, కలిస్తేనే గొడవ. ఈ ఫలితంతో నేను ఇంకా గందరగోళపడ్డాను, రెండూ ఏదో రసాయన చర్య జరుపుకుంటున్నాయా అని కూడా ఆలోచించాను. నిజానికి ఆ వెడ్జ్ మొదట్నుంచీ నాకు సగం మాటే చెబుతోంది. గీతల దూరం పురి ఎంత బిగువో చెబుతుంది, ఎటు వైపో చెప్పదు. 10.9, 6.9 అని రాసుకున్న రెండు అంకెల ముందూ ప్లస్సో మైనస్సో ఉండాలి, నేను చూడనే లేదు.

తేల్చింది అమ్మాయే. మర్నాడు పొద్దున్న వచ్చి, రాత్రి ఇంట్లో పోగులు తిప్పుతుంటే తట్టిందట, బ్యాగు కూడా దించకుండా, "ఎదురు పురి పడినట్టుంది సార్" అంది. ఎడమ పురి ఉన్న దారాన్ని కుడి పక్కకి తిప్పితే బిగియదు, విప్పుకుంటుంది, సరిగ్గా ఎన్ని చుట్లుంటే అన్నీ తిప్పితే దారం ఉత్త పోగుల కట్ట అయిపోతుంది.

లెక్క వెంటనే వేశాం. సీబీ15 ముందు మైనస్ పెడితే, 3 శాతం దగ్గర మిగిలే పురి, ఎస్-811ది (రెండో మందు చేరి కాస్త పలచబడ్డాక) 0.317లోంచి సీబీ15ది 0.21 తీసేయగా 0.107, పిచ్ 9.3 మైక్రాన్లు, గీతల దూరం 2.3 మి.మీ. చిల్లర. 4.5 శాతం దగ్గర రెండు వైపులా 0.31 చొప్పున, దాదాపు సున్నా. మూడు వారాల అంకెలన్నీ ఒక కాగితం మీద, ఒక మైనస్ గుర్తుతో సర్దుకున్నాయి.

అయినా లెక్క సర్దుకున్నంత మాత్రాన సరిపోదు, కంటితో చూడాలి కదా. దానికి కాంటాక్టు పరీక్ష అని ఒక పాత పద్ధతి ఉంది, ఇదే నేను మొదటి రోజు చెయ్యాల్సింది. ఒక గాజు పలకకి సోయా లెసిథిన్ పల్చగా రాసి (అణువులు గాజు మీద నిట్టనిలువుగా నిలబడటానికి), ఒక పక్క ఎస్-811 వేసిన చుక్క, ఇంకో పక్క సీబీ15 వేసిన చుక్క, రెండూ 1.5 శాతమే, మధ్యలో కలుసుకునేలా పైన కవర్ గ్లాస్. బోటనీ వాళ్ల మైక్రోస్కోపుకి కిందొకటి పైనొకటి పోలరాయిడ్ ముక్కలు అతికించి 400 రెట్లు పెంచి చూస్తే, రెండు పక్కలా వేలిముద్రల్లాంటి గీతలు కనబడతాయి, గీతకీ గీతకీ మధ్య సగం పిచ్. చుక్కలు మెల్లగా ఒకదాంట్లో ఒకటి కలుస్తున్న చోట ఏం జరుగుతుందో చూడాలి. రెండు మందులూ ఒకే పురివైతే గీతలు ఇటు నుంచి అటు ఆగకుండా సాగిపోతాయి. ఎదురు పురివైతే మధ్యకి వచ్చేకొద్దీ గీతలు ఎడంగా జరుగుతూ జరుగుతూ ఒక పట్టీ మేర అసలు లేకుండా పోయి, అవతల మళ్లీ మొదలవుతాయి. మాకు ఆ పట్టీ కనబడింది, రైలు దిగి పరిగెత్తుకొచ్చిన కుర్రాడితో సహా ముగ్గురం వంతులవారీగా అరగంట చూశాం. సరిచూసుకోవడానికి ఎస్-811 పక్కన కొలెస్టరిల్ పెలార్గనేట్ వేసిన చుక్క పెట్టాం, అదీ ఎడమ పురిదే. గీతలు ఎక్కడా తెగలేదు.

మరి సీసా మీద ఎస్ ఏమిటి? కెమిస్ట్రీ సహోద్యోగిని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేశాడు, నేను మొదట్లోనే అడగనందుకు ఇంకో అయిదు నిమిషాలు నవ్వాడు. కైరల్ కార్బన్‌కి తగిలిన నాలుగు గుంపుల్నీ ఒక నియమం ప్రకారం పెద్దా చిన్నా వరసలో పెట్టి, అన్నిటికంటే చిన్నదాన్ని అవతలికి పెట్టి చూసినప్పుడు మిగతా మూడూ గడియారం ముల్లు దిశలో దిగితే ఆర్, ఎదురు దిశలో దిగితే ఎస్. ఎస్ అంటే లాటిన్‌లో సినిస్టర్, ఎడమ. కానీ అది ఒక్క కార్బన్ చుట్టూ ఉన్న అమరికకి పెట్టిన పేరు, ద్రవం ఎటు పురి తిరుగుతుందో దానికి తెలీదు. దారం ప్యాకెట్ మీది ఎస్ వేరు, సీసా మీది ఎస్ వేరు, అక్షరం ఒకటే.

రెంటికీ సంబంధం కొంత ఉంది, ఇందాకటి జార్జ్ గ్రే, ఆయనతో పనిచేసిన మెక్‌డొనెల్ 1977లో ఒక నియమం చెప్పారు. అణువులో బెంజీన్ వలయాల గట్టి భాగం నుంచి కైరల్ కార్బన్ దాకా పరమాణువుల్ని లెక్కపెట్టాలి. ఎస్ అయి సరిసంఖ్య వస్తే కుడి పురి, ఎస్ అయి బేసి వస్తే ఎడమ పురి, ఆర్ అయితే తలకిందులు. సీబీ15లో వలయం తర్వాత రెండో కార్బనే కైరల్, రెండు సరిసంఖ్య, కాబట్టి కుడి. ఎస్-811లో వలయం తర్వాత ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, ఆ తర్వాత కైరల్ కార్బన్, మూడు, బేసి, కాబట్టి ఎడమ. చాలా అణువులకి పనికొస్తుంది, అన్నిటికీ కాదు. కొలెస్టరాల్ నుంచి వచ్చేవాటికి అసలు వర్తించదు, అక్కడ ఇంకో తమాషా: కొలెస్టరాల్ ఎస్టర్లు మామూలుగా ఎడమ పురి, కొలెస్టరిల్ క్లోరైడ్ మాత్రం కుడి. కొలెస్టరిల్ మిరిస్టేట్ అనే ఎస్టర్ ఒక వంతు, క్లోరైడ్ 1.75 వంతులు కలిపితే 42 డిగ్రీల దగ్గర పురి పూర్తిగా విడిపోతుందని 1968 నాటికే కొలిచిపెట్టారు. మాకు అనుకోకుండా జరిగింది వాళ్లు కావాలని చేశారు.

ఈ ఎడమ కుడి గొడవ ఏదో కాలేజీ ప్రాజెక్టులో వచ్చే చాదస్తం అనుకోకండి. క్యాలిక్యులేటర్ తెరలో పైగాజుకీ కిందిగాజుకీ మధ్య 90 డిగ్రీల మెలి ఉంటుంది. మందేమీ వెయ్యకపోతే ద్రవం ఎడమగానైనా 90 తిరగొచ్చు, కుడిగానైనా తిరగొచ్చు, కొన్నిచోట్ల అలా కొన్నిచోట్ల ఇలా తిరిగి తెర మీద మచ్చలు పడేవి. చిటికెడు కైరల్ మందు వేస్తే అంతా ఒకే వైపుకి ఒప్పుకుంటుంది. ఆ చిటికెడు పొరపాటున ఎదురు పురిదైతే గాజు ఒక వైపు లాగుతుంది, మందు ఇంకో వైపు లాగుతుంది.

ఇక రంగు సంగతి. ఎస్-811 సరిపడా లేదు, సీబీ15 ఒక్కదానితో చెయ్యాలంటే 40 శాతం వెయ్యాలి, అంత వేస్తే 5సీబీ మా గదిలో ద్రవస్ఫటికంగా మిగలదు. (సీబీ15 ఒంటరిగా ఉన్నప్పుడు గది వేడిలో ఉత్త ద్రవమే.) అందుకని ఆ దారి వదిలేసి కొలెస్టరాల్ ఎస్టర్ల దారి పట్టాం. కొలెస్టరిల్ ఒలీల్ కార్బొనేట్ 0.45 గ్రాము, కొలెస్టరిల్ పెలార్గనేట్ 0.45, కొలెస్టరిల్ బెంజోయేట్ 0.10, కరిగించి కలిపితే 26.5 నుంచి 30.5 డిగ్రీల మధ్య ఎరుపు నుంచి నీలం దాకా రంగులు చూపిస్తుంది, ఇది చాలాచోట్ల విద్యార్థులతో చేయించే పాత పాళ్లే. పెలార్గనేట్ పెంచి కార్బొనేట్ తగ్గిస్తే రంగులు కనబడే వేడి పైకి జరుగుతుంది, 0.36, 0.54, 0.10 అయితే 34 నుంచి 37. ఇందులోని బెంజోయేట్టే ఈ శాస్త్రానికి మొదటి మెట్టు, 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త, ఇది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసగ్గా ఉండి 178.5 దగ్గర మళ్లీ తేటపడుతోందేంటని తల గోక్కున్నాడు. మేం కలిపింది ల్యామినేషన్ షీట్ల మధ్య నొక్కి వెనక నల్ల కాగితం పెట్టాం. నలుపు లేకపోతే రంగు వెలవెలబోతుంది.

ఈసారి మాత్రం పురి ఎటో ముందే చూశాం. 3డి సినిమా కళ్లజోడు, గుండ్రంగా ధ్రువీకరించే రకం, బాగా పనికొచ్చింది. ఎడమ పురి ద్రవం ఎడమ వాటం కాంతినే (ఎడమ వైపు మెలి తిరుగుతూ వచ్చే కాంతినే) వెనక్కి కొడుతుంది, మిగతా సగాన్ని వదిలేస్తుంది. కళ్లజోడు పెట్టుకుని ఒక కన్ను మూస్తే పచ్చగా మెరుస్తుంది, ఇంకో కన్ను మూస్తే నలుపు. కళ్లజోడు తిరగేసి పట్టుకుంటే ఈ తేడా పోతుంది, జాగ్రత్త. పిల్లలు ఊరుకుంటారా, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునే బంగారు పురుగు రెక్క ఒకటి ఎక్కడో సంపాదించి తెచ్చారు. రెండు కళ్లకీ ఒకేలా మెరిసింది, ఎందుకంటే ఆ పురుగు రంగు ఒకదానిమీద ఒకటి పేర్చిన బల్లపరుపు పొరల వల్ల, పురి వల్ల కాదు. పేడపురుగుల జాతిలో కొన్నిటి పెంకు మాత్రం మా ద్రవంలాగే పురి తిరిగి ఉంటుంది, 1911లో భౌతికశాస్త్రవేత్త మైకెల్సన్ అలాంటి పెంకు మీద ఈ గుండ్రటి కాంతిని గుర్తించాడు. ఆ జాతి ఒక్కటి దొరికితే బాగుండు అని కుర్రాడు ఇప్పటికీ లైటు స్తంభాల కింద వెతుకుతున్నాడు.

ఇప్పుడు మా బీరువాలో ప్రతి కైరల్ సీసా మెడకీ ఒక పట్టు పోగు కట్టి ఉంటుంది, ఎడమ పురికి ఎరుపు, కుడి పురికి ఆకుపచ్చ. పోగు లేని సీసా మూత తీయకూడదని అమ్మాయి రూలు. తీస్తే ముందు కాంటాక్టు పరీక్ష.

ఆ 4.5 శాతం వెడ్జ్‌ని పారెయ్యలేదు, క్లిప్పులతోనే డబ్బాలో పెట్టాం. జనవరిలో ఒక చలి పొద్దున, ల్యాబ్‌లో 20 డిగ్రీలున్నప్పుడు తీసి చూస్తే మందం చివర ఒక గీత వచ్చి ఉంది. పదింటికి ఎండెక్కాక లేదు. మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చింది. రెండు మందుల పురి బలాలూ వేడితో ఒకే తీరులో మారవు కాబట్టి, సెప్టెంబరు వేడికి సరిగ్గా సరిపోయిన తూకం చలికి ఒక పక్కకి మొగ్గుతోందన్నమాట. ఏ పక్కకో ఇంకా తేల్చలేదు. అమ్మాయి ఎడమ అంటోంది, కుర్రాడు కుడి అంటున్నాడు. నన్నడిగితే సీసా మీద ఏముందో చూసి చెప్తానన్నాను, ఇద్దరూ నవ్వారు.